పూలపాన్పు కింద ఏముంది?

మన సినిమాల్లో మంచానికున్న మర్యాద పరుపుకు లేదండీ. శోభనం సీను రాగానే పందిరిమంచం నిండా మల్లెలూ జాజులూ, పక్కన పళ్ళూ పాలగ్లాసూ. ఆ సాటిన్ దుప్పటి కింద ఏముందో ఏ ప్రేక్షకుడూ అడగడు. నేనొక సెట్లో కొస ఎత్తి చూశాను. ప్లైవుడ్ చెక్క, దాని మీద బొటనవేలంత మందాన స్పాంజి! కెమెరాకు అది చాలు. నడుముకు చాలదు.

ఇళ్ళల్లోనూ ఇదే వరస. టేకు మంచానికి వేలకు వేలు పోసి నగిషీలు చెక్కిస్తారు. పరుపు దగ్గరకొచ్చేసరికి "ఏదో ఒకటి పడెయ్యవయ్యా" అంటారు.

మా అమ్మది ఇంకో దారి. నడుంనొప్పి మొదలైన దగ్గర్నుంచీ పరుపు మానేసి గచ్చు మీద చాప వేసుకుంది. "గట్టిగా ఉంటేనే వెన్నుకు మంచిదిరా" అని ఎవరో పెద్దావిడ చెప్పిందట. తెల్లారి లేవాలంటే గోడ పట్టుకోవాలి. "ఈ వయసులో నాకెందుకురా పరుపు, ఆ డబ్బు దాచుకో" అంటుంది. రెండేళ్ళు నడిచింది మా వాదన.

ఈ 'గట్టి' నమ్మకం మన అమ్మలది మాత్రమే కాదు. డాక్టర్లు కూడా చాలాకాలం అదే చెప్పారు. స్పెయిన్ దేశంలో వైద్యులు ఎప్పట్నుంచో నడుంనొప్పితో బాధపడుతున్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపులూ కొందరికి మధ్యరకం పరుపులూ ఇచ్చి 90 రోజులు గమనించారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. 2003లో 'లాన్సెట్' పత్రికలో అచ్చయిన సంగతిది. ఆలోచిస్తే సబబుగానే ఉంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి కాస్త లోపలికి దిగాలి, నడుముకు ఆనిక దొరకాలి. గచ్చు మీద భుజం ఎక్కడికి దిగుతుంది? మరీ మెత్తని పరుపైతే మనిషి మొత్తం గుంటలో పడ్డట్టే.

మా చిన్నప్పుడు దూదేకేవాళ్ళు విల్లు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవారు. బూరుగుదూది పోగు లోపలంతా బోలు, గాలి నిండి ఉంటుంది. అందుకే అంత తేలిక. నూలు వడకడానికి లొంగదు గనక పరుపుల్లోకి చేరింది. ఏళ్ళు గడిస్తే మాత్రం పొడిపొడి అవుతుంది. పత్తి చెమట పీల్చి ఉండ కడుతుంది గానీ, ఎండేసి మళ్ళీ ఏకించి కుట్టిస్తే కొత్తదే! ఏకే మనిషి దొరకడమే ఇప్పుడు గగనం.

ఇప్పుడు షాపుల్లో అంతా మెమరీ ఫోమ్ జపం. 1966లో అమెరికాలో నాసా వారి పనిలో ఉండగా, విమానం సీట్ల కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన సరుకది. ఒంటి వేడికి మెత్తబడి మన ఆకారం పట్టడం దాని గుణం. ఆ వేడిని పట్టుకు కూర్చోవడం కూడా దాని గుణమే! బెజవాడ మే నెలలో ఏసీ లేనివాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. కొబ్బరిపీచుకు రబ్బరుపాలు పట్టించి చేసే కాయిర్ పరుపులో గాలి ఆడుతుంది. అది ఒక్కటే అయితే గట్టి, పైన రెండంగుళాల మెత్తన ఉంటే దివ్యం.

"40 డెన్సిటీ సార్!" అంటాడు షాపతను. ఘనపు మీటరు ఫోము 40 కిలోలు తూగుతుందని దానర్థం. గట్టిదని కాదు సుమండీ! తూకం ఎక్కువైతే త్వరగా కుంగదు, అంతే. అరచేత్తో నొక్కి చూసి కొనేయకండి. చెప్పులు విప్పి, రోజూ పడుకునే తీరులోనే పది నిమిషాలు పడుకోండి. ఆయన నవ్వితే నవ్వనివ్వండి, వాయిదాలు కట్టేది మీరు.

మా అమ్మను అలాగే తీసుకెళ్ళాను. మొహమాటపడి మొదటి మూడింటి మీదా అంచునే కూర్చుంది. నాలుగోదాని మీద కునుకు తీసింది. కాయిర్ మీద లేటెక్స్ పొర ఉన్నది. నా మూడు నెలల వ్యాసాల డబ్బు హరీ! నెల దాటింది, గోడ పట్టుకోవడం తగ్గింది. దిండు దగ్గర మాత్రం పేచీ. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు మెడకూ పరుపుకూ మధ్య సందు నిండేంత ఎత్తు కావాలని నేనంటాను. ఆవిడకు పాత నేతచీర మడతే కావాలి. సరే, ఇంకో రెండు మడతలు వెయ్యమన్నాను. వేసింది.