పాత పాట, క్రొత్త మ్రోత

గత మాసమున మా చిరంజీవి యొక పాటల సంపుటమును మాకు వినిపించెను. అది లెడ్ జెపెలిన్ అను ఆంగ్లేయ బృందమువారి తొలి సంపుటము. 1969వ సంవత్సరము జనవరి నెలలో వెలువడినది. ఈ తీరు సంగీతమును హార్డ్ రాక్ అందురు. ఆ మ్రోతకు మొదట మేము చెవులు మూసికొంటిమి. మావారు నవ్వి, "నచ్చని కావ్యమునైనను తుదిదాక చదివి పిమ్మట నిందింపవలెనని నీవే కదా యందువు!" అనిరి. ఆ మాటకు కట్టుబడి కూర్చుండి వింటిమి.

బృందమున నలుగురే. జిమ్మీ పేజ్ గిటారు వాయించెను. రాబర్ట్ ప్లాంట్ పాడెను. జాన్ పాల్ జోన్స్ బేస్ గిటారును ఆర్గనును, జాన్ బోనమ్ డ్రమ్ములను వాయించిరి. అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలను, జానపదుల బాణీలను గైకొని, వానికి విద్యుత్ గిటారుల గర్జనమును తొడిగిరి. పాత బంగారమును కరగించి క్రొత్త నగ చేయించుట వంటిదే యిది. విల్లీ డిక్సన్ రచించిన బ్లూస్ పాటలు రెండు ఇందు గలవు. ఒకచోట పేజ్ వయొలిను కమానుతో గిటారు తీగెలను రాచి వింతనాదము పుట్టించెను. మరియొక పాటలో వీరమ్ జసానీ వాయించిన మన తబలా వినవచ్చినప్పుడు మాకు పుట్టింటివారు కనబడినట్లయ్యెను.

అన్నిటికంటె మమ్ము కదిలించినది, ప్రియురాలిని విడిచిపోవలసినవాని వేదనను తెలుపు పాట. మెల్లగా మొదలై, అంతలో ఉరుమై విరుచుకొనిపడును. దానిని 1950వ దశకము చివర రచించినది ఆన్ బ్రెడన్ అను వనిత. జోన్ బేజ్ అను గాయని 1962లో వెలువడిన తన సంపుటమున దానిని పాడెను. పేజ్ ఆమె పాటనే వినెను. అయినను 1969 నాటి సంపుటముపై "సాంప్రదాయిక గీతము" అని మాత్రమే యచ్చొత్తిరి. బ్రెడన్ పేరు చేరుటకు, ఆమెకు రావలసిన సొమ్ము ముట్టుటకు 1990 దాక పట్టినది.

పాతదానిని క్రొత్తగా చెప్పుట తప్పు గాదు. భారతమును తెనిగించిన నన్నయభట్టు వ్యాసుని కీర్తించెను. తనకు తోడ్పడిన నారాయణభట్టును సైతము పేర్కొనెను. త్యాగరాజస్వామి కృతులలో ఆయన ముద్ర యున్నది. మన యింటి యాడువారి పాటలకు ముద్ర యేది?

ఇతరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పును చెప్పుకొందుము. మా మేనత్తగారు తమ కూతురి పెండ్లికి అప్పగింతల పాట యొకటి కట్టిరి. నిరుడు ఒక పెండ్లిలో ఆ పాటనే పాడుచుండగా, ఎవరిదని యొక చిన్నది అడిగెను. "ఎవరిదో, పాత పాట" అని పాడిన యామె బదులు చెప్పెను. అక్కడనే యుండియు, పదిమందిలో నోరు విప్ప జంకి మేము మిన్నకుంటిమి. మేనత్తగారు నేడు లేరు. ఆ మౌనము మమ్మింకను బాధించుచున్నది.

మీ యత్తగారో అమ్మమ్మగారో కట్టిన పాట యున్నయెడల, వారుండగనే యడిగి వ్రాసికొనుడు. క్రింద వారి పేరును ఊరును చేర్చుడు. మేమును ఒక పుస్తకము కుట్టి, మొదటి పుటలో మేనత్తగారి పాటను, పాటకంటె ముందు వారి పేరును వ్రాసితిమి.