రంగు కాదు, ఫౌలాద్ గవాహీ చెప్పాలి

పాత జంగీ బండి కొనేవాళ్లు రంగూ, నక్షత్రం గుర్తూ చూసి మురిసిపోతే ధోఖా ఖాయం. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ హాఫ్‌ట్రాక్‌లనే తీసుకోండి. ఎం3కి పైపొర గట్టిపరిచిన పలకలు, ఎక్కువచోట్ల 6 మి.మీ. పైచిలుకు మందం, బోల్టుల బిగింపు. ఎం5కి దాదాపు 8 మి.మీ. పలకలు, వెల్డింగ్ అతుకులు. ఫౌలాద్ లోపలా బయటా ఒకటే.

అయస్కాంతం గవాహీ చెల్లదు, మామూలు ఇనుప రేకుకీ అతుక్కుంటుంది. బయటివైపు ఓ మూల ఆకురాయి ఆడిస్తే మామూలు రేకు సులువుగా అరుగుతుంది. ఎం3 అసలీ పలక మొండికేస్తుంది. ఎం5 అంత మొండికేయదు. అందుకే జనాబ్, ముందు బండి రకం తేల్చుకోండి, తర్వాతే ఫైసలా.

పోయిన పలక చోట మామూలు రేకు బిగించడం గునాహ్ కాదు. ఆ మాట రసీదులో రాయకుండా అసలీ ఖీమత్ గుంజడమే బేఈమానీ. కవచం గురించి అబద్ధమాడితే, దాని వెనక ప్రాణం దాచుకున్న సిపాయిల చరిత్రనే నకిలీ చేసినట్టు.