‘ఆగి చూద్దాం’ అని ఎవరి బిడ్డ గురించి అంటున్నాం?

రెండేళ్లొచ్చినా బిడ్డ రెండు మాటలు కలిపి చెప్పకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, ఏడాదిన్నర దాటినా నడవకపోతే మన సంఘాల్లో తల్లికి దొరికే మొదటి సలహా ఒకటే. “కొన్నాళ్లు ఆగమ్మా. మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యమే. వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి.” అత్తగారు ఇదే అంటారు, పక్కింటావిడ ఇదే అంటారు, ప్రార్థనకు వచ్చిన కాపరి కూడా ఇదే అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా ఇది తప్పుడు సలహా. దీనివల్ల ఆ బిడ్డ పోగొట్టుకునేది తిరిగిరాని కాలం. ఈ మాటను మన సంఘాల్లోంచి తీసేయాలి. నోటితో ‘ఆగండి’ అనకుండానే మన బిడ్డలను ఆపేస్తున్న ప్రభుత్వాలనూ నిలదీయాలి.

అసలు ఆపేస్తున్నది దేన్ని? ఆక్యుపేషనల్ థెరపీ అనగానే “పసిబిడ్డకు ఉద్యోగమేమిటి?” అని నవ్వేవాళ్లున్నారు. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఆ వయసు బిడ్డ రోజూ చేసే పనులు. కూర్చోవడం, ముద్ద నోట్లో పెట్టుకోవడం, చొక్కా తొడుక్కోవడం, ఆడుకోవడం, నలుగురు పిల్లల మధ్య మసలడం. అన్నం మెతుకు నాలుకకు తగిలితే కక్కేసే బిడ్డ, కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డ, ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉంచే బిడ్డ ఈ పనుల దగ్గరే ఆగిపోతారు. అడ్డు ఎక్కడుందో చూసి, పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఆటలోనే నేర్పించడం థెరపిస్టు పని. చూసేవాళ్లకు ఊయల, బంతి, పిండిముద్ద మాత్రమే కనిపిస్తాయి. వారానికి రెండు సెషన్లు థెరపిస్టు చేస్తే, మిగతా రోజులన్నీ చేయాల్సింది ఇల్లు. కాబట్టి సగం పాఠం తల్లిదండ్రులకే.

ఇది ఆటిజాన్ని మాయం చేసే మందు కాదు. సెరిబ్రల్ పాల్సీని తుడిచేయదు. అలా చెప్పి డబ్బు గుంజేవాళ్లను నమ్మకండి. కానీ మెదడు అతివేగంగా ఎదిగే మొదటి మూడేళ్లలో మొదలుపెడితే, తన ముద్ద తాను తినగలిగే, బడిలో కూర్చోగలిగే అవకాశం బిడ్డకు పెరుగుతుంది. ఒక ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

మరి చట్టం ఏమంటోంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులోని 31వ సెక్షన్ ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. ఏ వయసు నుంచి? 6 నుంచి 18 ఏళ్ల వరకు, అదీ కనీసం 40 శాతం వైకల్యం ఉందని ధ్రువీకరణ ఉంటే. మొదటి ఆరేళ్లు ఆ హక్కుకు బయటే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ సాయం కావలసిన వయసు అదే కదా!

ఆ వయసుకు ఏమీ లేదని కాదు. పిల్లలందరినీ ఏడాదికి ఒకసారైనా పరీక్షించాలని అదే చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార వైద్య బృందం ప్రతి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. అక్కడ సేవలు ఉచితం. 2023 నవంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ వికలాంగ బాలల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక ప్రోటోకాల్ కూడా విడుదల చేసింది. కాగితం మీద లోటు లేదు.

లోటు దారిలో ఉంది. కేంద్రం జిల్లాకు ఒకటి. బెంగళూరులో తెల్లవారుజామునే చీపురు పట్టే మన పౌరకార్మిక తల్లి, భివండీ మరమగ్గం మీద షిఫ్టు చేసే తండ్రి, రాయగడ పల్లెలో కూలికి వెళ్లే కుటుంబం వారానికి రెండు రోజుల కూలి వదులుకుని, రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లాలి. యానాం సంగతి ఇంకా విచిత్రం. పక్కనే ఉన్న కాకినాడ వేరే రాష్ట్రం. సొంత రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం. వెళ్లలేనివాళ్లకు ప్రైవేటు సెంటర్ ఉంది, ముప్పావు గంట సెషన్‌కు వందల రూపాయలు పెట్టగలిగితే. కలిగినవాళ్ల బిడ్డ ఏడాదిన్నరకే థెరపీకి వెళ్తాడు. లేనివాళ్ల బిడ్డ ఆరేళ్లకు బడి గుమ్మం దగ్గర “మా వల్ల కాదు” అనిపించుకుంటాడు. ఇద్దరి మధ్య తేడా వైకల్యానిది కాదు, డబ్బుది.

మనకు భాష అనే అడ్డు కూడా ఉంది. సగం పాఠం తల్లికే అన్నాం. ఆ పాఠం ఆమెకు అరకొరగా తెలిసిన కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఇంగ్లీషులోనో చెబితే ఇంటికి ఎంత చేరుతుంది? దీనికి తోడు కొందరు నిపుణులే “ఇంట్లో తెలుగు మానేయండి, ఒకటే భాష మాట్లాడండి” అని సలహా ఇస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, మాటల్లో లోపం రాదు. ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరని పరిశోధనలు చెబుతున్నాయి. లాలిపాట పాడే నాయనమ్మ నోరు కట్టేస్తే బిడ్డతో మాట్లాడేవాళ్లు ఒకరు తగ్గుతారు, అంతే.

ఇక మన సంఘాల సంగతి. “ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడు?” అనే ప్రశ్నను యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు ప్రభువు స్పష్టంగా తోసిపుచ్చాడు. అయినా మన ప్రార్థన కూటాల్లో ఆ ప్రశ్న తల్లి వెనక గుసగుసగా తిరుగుతూనే ఉంది. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. కానీ ఉపవాస ప్రార్థన పేరుతో థెరపీ మాన్పించే హక్కు ఎవరికీ లేదు. పక్షవాయువుగల మనిషిని మోసుకొచ్చిన నలుగురు ఇంటి పైకప్పు విప్పి మరీ దించారు. “జనం తగ్గేదాకా ఆగుదాం” అనుకోలేదు.

“ఇది సంఘం పని కాదు, ప్రభుత్వం పని” అని కొందరంటారు. ప్రభుత్వం పనే. ఆ పనిని దానిచేత చేయించడం మన పని. “మనకు అనుభవం లేదు” అనడానికీ వీల్లేదు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేశారు, వెల్లూరు సీఎంసీలో పునరావాస వైద్యానికి పునాది వేశారు. ఆ వారసత్వం గురించి గొప్పగా చెప్పుకునే మనం, మన మిషన్ బళ్లలో “టాయిలెట్ అలవాటు కాలేదు” అని ఒక బిడ్డను తిప్పి పంపితే నోరెత్తకుండా ఉంటున్నాం.

కాబట్టి తల్లిదండ్రులారా, జబ్బు పేరు తేలేదాకా ఆగకండి. తొమ్మిది నెలలకు ఆనుకోకుండా కూర్చోకపోతే, ఏడాదికి పేరుకు పలకకపోతే, ఏడాదిన్నరకు నడవకపోతే, నేర్చుకున్న మాట ఏ వయసులోనైనా పోతే వెంటనే చూపించండి. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల పట్టిక ఉంటుంది, దాన్ని అంగన్‌వాడీ టీచర్ చేత నింపించండి. జిల్లా కేంద్రానికి పంపమని రాతపూర్వకంగా అడగండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ వచ్చాక నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో చేర్చండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఆ బీమాలో థెరపీకి కూడా కొంత భాగం ఉంది.

యౌవనస్థులారా, మీ జిల్లా కేంద్రంలో ఆక్యుపేషనల్ థెరపిస్టు పోస్టు ఉందా, ఉంటే ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది, నెలకు ఎంతమంది పిల్లలను చూస్తున్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల దరఖాస్తు. వచ్చిన జవాబుతో ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లండి. కొండల్లో, మురికివాడల్లో, యానాంలో థెరపిస్టే వారం వారం రావాలని, తెలుగు మాట్లాడే సహాయకులు ఉండాలని, తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలు ఇవ్వాలని కోరండి. ఇంటర్ సైన్సు చదివేవాళ్లు ఈ వృత్తి వైపు చూడండి. 1950లో కమలా నింబ్కర్ దేశంలో మొదటి ఆక్యుపేషనల్ థెరపీ బడిని ప్రారంభించిన ముంబయి కేఈఎం ఆసుపత్రిలో, వెల్లూరు సీఎంసీలో, కటక్ జిల్లా ఓలత్‌పూర్ జాతీయ సంస్థలో డిగ్రీ కోర్సులున్నాయి.

సంఘ పెద్దలారా, ఆదివారం తప్ప ఆరు రోజులు తాళం వేసి ఉండే హాలు మీ దగ్గర ఉంది. ఆ తాళం తీసి, వారానికి ఒక రోజు థెరపిస్టు వచ్చి కూర్చోవడానికి ఇవ్వండి. రెండేళ్ల బిడ్డకు ఆరేళ్లు వచ్చేలోగా మిగిలింది నాలుగేళ్లే.