ఓటుంది, జాబితాలో పేరు లేదు

గంగారం 2016లో కొత్తగూడ నుంచి విడిపోయి మండలమైంది. అసెంబ్లీకి ములుగు, లోక్‌సభకు మహబూబాబాదు. రెండూ ఎస్టీ స్థానాలే. షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి, 1996 నాటి పెసా చట్టం ప్రకారం సర్పంచి పదవీ గిరిజనులదే. అమెరికా తన మూలవాసులందరినీ పౌరులుగా ఒప్పుకున్నది 1924లో. ఆస్ట్రేలియా జాతీయ ఎన్నికలలో ఆదివాసులందరికీ ఓటిచ్చింది 1962లో. మన కోయ రైతు 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలోనే అందరితో సమానంగా ఓటరు. ఇది గర్వించదగ్గ సంగతే, కాదనను.

అయితే ఈ అడవులలోనే మరో ఆదివాసి ఉన్నాడు. మనవాళ్ళు అతణ్ణి గుత్తికోయ అంటారు. బస్తరు మురియా. మిరపకాయల కోతకు వచ్చిపోవడం అతనికి పాత అలవాటే గాని, 2005 జూన్‌లో దంతెవాడలో సల్వా జుడుం మొదలయ్యాక వచ్చినవాళ్ళు తిరిగిపోవడానికి రాలేదు. ఒకవైపు జుడుం, ఒకవైపు మావోయిస్టులు. నడుమ ఊళ్ళు తగలబడ్డాయి. సరిహద్దు దాటి, కొందరు గోదావరి కూడా దాటి, నాటి ఖమ్మం, వరంగల్లు అడవులలో గుడిసెలు వేసుకున్నారు. 2011 జులైలో సుప్రీంకోర్టు జుడుం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికి వీళ్ళ పిల్లలకు తెలుగు కూడా వచ్చేసి ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయిన ఈ మనిషి ఇక్కడ ఎస్టీ కాడు. 342వ అధికరణం కింద జాబితా రాష్ట్రానికొకటి. వలస పోయినవాడి వెంట ఆ హోదా రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. (మన జాబితాలో కోయల పద్దు కింద 'గుట్టకోయ' అన్న పేరొకటి ఉంది. వలస వచ్చిన మురియాను ఆ పేరు కింద చూడడానికి మాత్రం అధికారులకు మనసొప్పదు.) పోడు పట్టా అడుగుదామంటే అటవీ హక్కుల చట్టానికి గడువు 2005 డిసెంబరు 13. ఇల్లు కాలిన తేదీకీ చట్టం గీసిన గీతకూ మధ్య ఆరు నెలలైనా లేనివాళ్ళు కొందరు, గీత దాటాక వచ్చినవాళ్ళు ఎందరో.

ఇక ఓటు. దానికి ఎస్టీ పత్రం అక్కరలేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, మామూలుగా అక్కడ నివసిస్తూ ఉంటే చాలు. కార్డు వచ్చినవాళ్ళున్నారు. అంటే సర్పంచిని ఎన్నుకోవచ్చు, తాను సర్పంచి కాలేడు. అడవిలో పుట్టి అడవిలో బతికే మనిషి గిరిజనుల కోసం కేటాయించిన పదవికి నామినేషను వేయలేకపోవడం విడ్డూరం కాదా!

2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడులో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. అది ఘోరం, నేరం చేసినవారికి శిక్ష పడవలసిందే. కానీ ఆ వెంటనే బెండాలపాడు పంచాయతీ, గుత్తికోయలందరినీ వెళ్ళగొట్టాలని తీర్మానం చేసింది. హైకోర్టు దాన్ని నిలిపివేసింది. పెసా ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో ఉన్న మనుషులే. జాబితాలో పేరున్న గుత్తికోయ తనను వెళ్ళగొట్టే సభలో తానూ సభ్యుడే. పేరు లేనివాడికి ఆ సభలో నిలబడి ఒక్క మాట అనే హక్కయినా లేదు.

కోయల భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. తెలంగాణ లంబాడాలు 1976లో ఎస్టీ జాబితాలో చేరారు. మహబూబాబాదు లోక్‌సభ స్థానంలో 2009, 2014, 2019, 2024 నాలుగుసార్లూ గెలిచింది లంబాడాలే. లంబాడాల తప్పేమీ లేదు, చట్టం ఇచ్చిన హక్కది. కానీ ఆ లెక్క చూసిన కోయకు మరో వాటాదారు మాట రుచించదు. ములుగు ఎమ్మెల్యే సీతక్క కోయ బిడ్డ. ఆమె 2022లో ఉస్మానియాలో డాక్టరేటు పొందింది ఈ గుత్తికోయల మీద చేసిన పరిశోధనకే. 2023 డిసెంబరులో పంచాయతీరాజ్ మంత్రిగా బాధ్యతలు తీసుకున్నదీ ఆమే. ఈ చిక్కుముడి తెలిసిన చేతికే ఆ శాఖ వెళ్ళిందన్నమాట.

నా అభిప్రాయంలో రెంటినీ కలపకూడదు. ఎస్టీ జాబితా సవరణ పార్లమెంటు పని, ఎన్నేళ్ళు పడుతుందో. ఓటరు జాబితా అలా కాదు. ఇంటి నంబరు లేదనే సాకు ఉండనే ఉంటుంది. అటవీ శాఖ ఆక్రమణ అనే గుడిసెకు నంబరెవరిస్తారు? అయితే ఇల్లే లేనివారి విషయంలో బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్ళి, ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుని పేరు చేర్చవచ్చని ఎన్నికల సంఘమే చెప్పింది. పట్నంలో ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి పనికొచ్చిన నిబంధన అడవిలో గుడిసెకు ఎందుకు పనికిరాదు? ఆ అధికారి రెండు మూడు రాత్రులు కాలిబాటన నడవవలసి వస్తుంది, అంతే.