వాహనపూజ సంవత్సరమునకు ఒక్కనాడేనా?



ఆదివారము మధ్యాహ్నము ఆలయ ద్వారములు మూసిన పిమ్మట నేను మా ఇంటి వాకిట పాత యెజ్డీ మోటారుసైకిలు ముందు పీట వేసికొని కూర్చుండుట అబిడ్స్, నాంపల్లి ప్రాంతపు భక్తులలో కొందరికి తెలిసిన విషయమే. ఇటీవల ఒక పెద్దమనిషి ఆ దృశ్యమును చూచి నొచ్చుకొని, "పంతులుగారూ, వేదము చదివిన చేతులకు ఈ గ్రీజు ఏమిటండీ? నాలుగు డబ్బులిస్తే మెకానిక్కు చేయడా?" అని అడిగినారు. ఆ ప్రశ్నలో ఆక్షేపణ కంటె ఆదరమే అధికము. ఆనాడు చిరునవ్వుతో ఊరకున్నాను. కాని దాని సమాధానము నాకొక్కనికే సంబంధించినది కాదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా అభిప్రాయమును ముందుగానే విన్నవించెదను. విజయదశమినాడు వాహనమునకు పసుపు కుంకుమలు అలంకరించి, తక్కిన దినములలో దానిని మరచిపోవుట పూజ కానేరదు. వాహనమును, విశేషించి పాతబడిన వాహనమును, ఇంటివద్ద స్వహస్తములతో పరిశీలించి పరిరక్షించుకొనుట ఆ పూజకు ఉత్తరాంగము. ఈ మాట చెప్పు అధికారము నాకు పాండిత్యము వలన రాలేదు. ఒక అపరాధము వలన వచ్చినది.

నా అపరాధము

ఆ బండి మా తండ్రిగారిది. 1961లో మైసూరులో ఉత్పత్తి ప్రారంభించిన ఐడియల్ జావా సంస్థ 1973 నుండి యెజ్డీ అను నామముతో బండ్లను తయారుచేసి, 1996లో మూతపడినది. రెండు పొగగొట్టములు, పూర్తిగా కప్పబడిన చైను, కిక్కు కొట్టుటకును గేరు మార్చుటకును ఒకే లీవరు దాని ప్రత్యేకతలు. ఆ లీవరును చూపి మా తండ్రిగారు, "వస్తువు ఒక్కటే, ఉపాధిభేదము చేత వ్యవహారము రెండు విధములు" అని నవ్వుచు పాఠము చెప్పెడివారు.

కొన్ని సంవత్సరముల క్రిందట విజయదశమినాడు ఆ బండికి నేనే స్వయముగా పూజ చేసినాను. హ్యాండిలుకు పూలమాల, చక్రముల క్రింద నిమ్మకాయలు, ముందు బ్రేకు లీవరుకు సైతము కుంకుమబొట్టు. పదునైదు దినములు గడువలేదు. సన్నని వాన పడుచుండగా మా అబ్బాయిని వెనుక కూర్చుండబెట్టుకొని నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరము నుండి దిగువకు వచ్చుచున్నాను. ఎదుట ఒక ఆటో ఆగినది. బ్రేకు నొక్కినాను. లీవరు ఏ బరువూ లేక పిడికిలిలోనికి వచ్చివేసినది. కేబులు తెగినది. వెనుక చక్రము తడి రోడ్డుపై జారినది. నాకు మోకాలు గీరుకొని పోయినది. పిల్లవాని కుడిచేయి విరిగినది. ఆ ఏడే ఉపనయనమైన వటువు. ఆరు వారములు అర్ఘ్యమిచ్చుటకు రెండు చేతులు కలుపలేకపోయినాడు. ప్రతి సంధ్యలోను ఆ ఒంటి చేతిని నేను చూచుచుంటిని.

పరామర్శకు వచ్చినవారందరు "ప్రమాదము జరిగినది, దైవము కాపాడినది" అన్నారు. ఆ రాత్రి తెగిన కేబులును వెలుతురులో పట్టి చూచినాను. పేనిన ఉక్కుపోగులలో రెండు మూడు మాత్రమే కొత్తగా తెగి మెరయుచున్నవి. తక్కినవన్నియు తుప్పుపట్టి నల్లబడి ఉన్నవి. అవి ఎన్నడో తెగినవి. నేను బొట్టు పెట్టిన చోటికి అంగుళము దూరమున అవి నెలల తరబడి ఒక్కొక్కటే తెగుచుండగా, నా కన్ను కుంకుమను చూచినదే కాని తీగను చూడలేదు.

ప్రమాదము అనగానేమి?

తెలుగులో ప్రమాదమన్నచో మనపై వచ్చిపడిన ఆపద. సంస్కృతమున దాని ముఖ్యార్థము అది కాదు. అమరసింహుడు దానికి అనవధానత అని అర్థము చెప్పినాడు. మనస్సు ఉండవలసిన చోట ఉండకపోవుటయే ప్రమాదము. అనగా ప్రమాదము ఆనాడు నౌబత్ పహాడ్ వాలులో జరుగలేదు. అంతకు మునుపు నెలల కాలము మా ఇంటి వాకిట జరిగినది. వాలులో జరిగినది దాని ఫలము మాత్రమే.

తైత్తిరీయ శీక్షావల్లిలో విద్య ముగించి గృహస్థాశ్రమమునకు వెడలు శిష్యునకు ఆచార్యుడు చేసిన అనుశాసనమును స్మరింపుడు. సత్యమున, ధర్మమున ప్రమాదము కూడదన్న పిమ్మట, కుశలము విషయమున కూడ ప్రమాదము కూడదన్నాడు. కుశలమనగా క్షేమము, ఆత్మరక్షణకు హేతువైన కర్మ. మహాభారతమున సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు చేసిన బోధలో మృత్యువునకు ప్రమాదమే స్వరూపముగా నిరూపింపబడినది. అచటి ప్రమాదము ఆత్మస్వరూపము నుండి జారుటయని భాష్యకారుల వ్యాఖ్య. కాని పెద్ద అవధానము చిన్న అవధానముల మీదనే నిలుచును. కన్నులయెదుట నున్న తీగను చూడలేని మనస్సు, కన్నులకు కానరాని ఆత్మను చూచునని నేను విశ్వసింపజాలను.

1985లో హీరో హోండా సి.డి. 100 బండి వచ్చినప్పుడు, పెట్రోలు నింపి, మూత వేసి, ఇక మరచిపొమ్మను భావముతో దాని ప్రకటన వచ్చినది. ఇంధనము పొదుపు చేయు బండికి అది చక్కని మాటయే. కాని ఆ మరపు పెట్రోలు విషయము దాటి బ్రేకునకు, టైరునకు, చైనునకు ప్రాకినది. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై నున్నవారే. అందరి మృతికిని యంత్రలోపమే కారణమని అనను. వేగము, శిరస్త్రాణము లేమి, రోడ్డు దుఃస్థితి మున్నగు కారణములు పెక్కు. కాని మన చేతిలో నున్న కారణమును మనము విడువరాదు కదా.

ఉస్తాదు నేర్పిన తర్కము

ఆ పిమ్మట నేను పుత్లీబౌలి సందులలో ఒక వృద్ధ మెకానిక్కును ఆశ్రయించినాను. అందరు ఆయనను ఉస్తాద్ అనెదరు. పానా పట్టుట, ప్లగ్గు తీయుట, కేబులు మార్చుట ఆయన వద్దనే నేర్చినాను. దక్షిణగా టీ తప్ప ఏమియు పుచ్చుకొనలేదు.

మరుసటి సంవత్సరము బండికి ఒక వింత వ్యాధి వచ్చినది. మూడు కిలోమీటర్లు పోయి ఆగును. పావుగంట ఊరకున్నచో మరల కదలును. వేడెక్కిన పిమ్మట ఆగుచున్నది కావున కండెన్సరు పాడైనదని నేను నిశ్చయించి, కొత్తది కొని వేసినాను. వ్యాధి మారలేదు. ఉస్తాదు బండి ఆగినచోటికే వచ్చినాడు. ప్లగ్గు ఊడదీసి, ఇంజనుకు తాకించి, కిక్కు కొట్టించినాడు. నిప్పురవ్వ వచ్చినది. ప్లగ్గు మొన పొడిగా ఉన్నది. అనగా నిప్పు కలదు, పెట్రోలు లేదు. ఆయన పెట్రోలు ట్యాంకు మూత విప్పగా గాలి బుస్సుమని లోనికి పోయినది. మరుక్షణమే బండి కదలినది. మూత వదులుగా ఉంచి పోయినచో ఆగలేదు, బిగించినచో ఆగినది.

"పంతులు సాబ్, బండికి ఊపిరి ఆడలేదు" అని ఆయన మూతను నా చేతికిచ్చినాడు. లోనికి గాలి పోవుటకు దానిపై సూదిమొనంత రంధ్రము కలదు. పెట్రోలు దిగినకొలది గాలి ప్రవేశింపనిచో లోపల శూన్యమేర్పడి ధార నిలిచిపోవును. ఆ రంధ్రమును మూసినది ఏమనుకొంటిరి? విజయదశమినాడు నేను పెట్టిన గంధము! ఎండి గట్టిపడి ఉన్నది.

తర్కసంగ్రహమును చదివిన వారికి ఇందలి మర్మము తెలియును. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన ఆ చిన్న గ్రంథముతోనే మేమందరము న్యాయశాస్త్రమున అడుగిడినాము. ధూమము చేత వహ్నిని అనుమానించుట, వంటయింట వాని సాహచర్యమును, మడుగున ఉభయాభావమును చూచుట బాల్యమున వల్లించినదే. అయినను "వేడెక్కి ఆగుట" అను నా హేతువు సవ్యభిచారము. అది కండెన్సరు చెడినప్పుడును ఉండును, మూతరంధ్రము పూడినప్పుడును ఉండును. పుస్తకమున హేత్వాభాసమును ఇట్టే పట్టగల నేను వాకిట పట్టలేకపోయినాను. మూత బిగించియు, వదలియు అన్వయవ్యతిరేకములను ప్రత్యక్షముగా చూపిన ఆ వృద్ధుడు నాకు న్యాయాచార్యుడే. యంత్రము ముఖస్తుతికి లొంగదు, పాండిత్యమునకు జంకదు. అనుమానము తప్పైనచో కదలదు. అహంకారమునకు ఇంతకంటె మంచి ఔషధము నేనెరుగను.

జగత్తు మిథ్య యైనచో?

ఇచట వేదాంతాభ్యాసము గల పాఠకులకు ఒక శంక కలుగవచ్చును. జగత్తే మిథ్య యైనప్పుడు బ్రేకు కేబులుపై ఇంత శ్రద్ధ ఏల?

ఆదివారము అబిడ్స్ కాలిబాటలపై పరచు పాత పుస్తకములలో నాకొక ఆంగ్లగ్రంథము దొరికినది. పేరు "జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్". అమెరికా దేశీయుడైన రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించినాడు. ఆయన యౌవనమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివినాడు. ఆ గ్రంథమున ఒక ఘట్టము కలదు. ఆచార్యుడు తరగతిలో జగత్తు మిథ్య యని చెప్పుచుండగా, హిరోషిమా, నాగసాకిలపై పడిన బాంబులు కూడ మిథ్యయేనా యని శిష్యుడు అడుగును. ఆచార్యుడు చిరునవ్వుతో ఔనని చెప్పును. శిష్యుడు ఆ తరగతిని, పిదప ఈ దేశమును విడిచి వెడలిపోవును.

ఆ ఘట్టము చదివి నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చున్నాను. ఆ సమాధానము అసత్యము కాదు, అసంపూర్ణము. మిథ్య యనగా కుందేటికొమ్ము వలె బొత్తిగా లేనిదని అద్వైతులు చెప్పలేదు. రజ్జుసర్పము ప్రాతిభాసికము, ఈ జగత్తు వ్యావహారికము, బ్రహ్మమొక్కటే పారమార్థికము. బ్రహ్మజ్ఞానము కలుగువరకు వ్యవహారము బాధితము కాదు. బాంబు ఏ సత్తలో ఉన్నదో, కాలిన దేహములును ఆ సత్తలోనే ఉన్నవి. కేబులు ఏ సత్తలో తెగినదో, మా పిల్లవాని చేయి ఆ సత్తలోనే విరిగినది. చేయి విరిగినప్పుడు దుఃఖించి, కేబులు విషయమున మాత్రము వేదాంతము పలుకుట వైరాగ్యము కాదు, సోమరితనము.

చేయదగినవి, చేయరానివి

ఇంటివద్ద చేయదగినవి స్వల్పములే. వారమునకొకసారి లీవరుల వద్ద కేబులు కొనలను చూడవలెను. ఒక్క పోగు తెగినను మార్చవలెను. టైరులో గాలి, పగుళ్ళు, చైను వదులు, పెట్రోలు గొట్టపు చీలికలు, దీపము, హారను చూడవలెను. పాత బ్రేకు డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదరాదు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును, కావున తడిగుడ్డతో తుడువవలెను. రెండు స్ట్రోకుల బండికి పొగ సహజము. కాని పొగ హెచ్చుచు, గేరు ఆయిలు తగ్గుచున్నచో, ఇంజనులోని సీలు చెడినదని అనుమానింపవలెను. అట్టిదానిని, సిలిండరు బోరింగు వంటిదానిని ఇంట తలపెట్టరాదు. అది ఉస్తాదుల క్షేత్రము. మనము శ్రద్ధ వహించుట వారి జీవనోపాధిని హరించుట కాదు. వారి విద్యను గౌరవించుట నేర్చుకొనుట.

తీసిన ఆయిలును మురుగుకాలువలో పోయరాదు. అది చివరకు మూసీలో కలియును. డబ్బాలో నింపి మెకానిక్కునకు ఇచ్చివేయవలెను. పెట్రోలు ట్యాంకు చెంత కర్పూరహారతి, అగరువత్తులు వలదు; హారతిని దూరమునుండి చూపిన చాలును. ఇక మడి సంగతి: అర్చనకు పూర్వము నేను బండిని ముట్టను, పని ముగిసిన పిమ్మట స్నానము చేసెదను. మసి చేతికి అంటిన సబ్బుతో పోవును.

పాతదానిపై మమకారము కూడ హద్దు మీరరాదు. పదునైదు సంవత్సరములు దాటిన బండికి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెనని చట్టము. ఆలయమున జీర్ణోద్ధారణము శాస్త్రవిహితమే, విసర్జనమును శాస్త్రవిహితమే. మరమ్మతుకు లొంగక పదిమంది ఊపిరికి హాని చేయునప్పుడు మా తండ్రిగారి జ్ఞాపకమైనను ఆ బండిని నేను విడువవలసినదే. ఆ దినము వచ్చునని నాకు తెలియును.

అర్చకులకు, భక్తులకు ఒక విన్నపము

గత విజయదశమి నుండి నేనొక నియమము పెట్టుకొన్నాను. వాహనపూజకు సంకల్పము చెప్పుటకు మునుపు బ్రేకులు నొక్కి చూచెదను, టైర్లు చూచెదను, శిరస్త్రాణము ఉన్నదా యని అడిగెదను. కొందరు నవ్వినారు. ఒక యువకుని ముందు బ్రేకు కేబులు సగము తెగి ఉన్నది. "ముందు ఇది మార్పించుకొని రా నాయనా, అంతవరకు నేనిచటనే ఉండెదను" అన్నాను. గంటలో కొత్త కేబులుతో తిరిగివచ్చినాడు. అతని బండికి చేసిన పూజ వలె తృప్తినిచ్చిన పూజ నాకు ఆనాడు మరియొకటి లేదు. మరొక అతడు కోపించి, "పూజ చేయండి చాలు, మెకానిక్కు పని మీకెందుకు?" అని వెడలిపోయినాడు. వేరొక చోట పూజ జరిగియే యుండును. ఆయన టైరు నునుపు తేలి ఉన్నది. వాన పడినప్పుడెల్ల ఆయన జ్ఞప్తికి వచ్చుచున్నాడు.

దక్షిణ కొంత తగ్గినను, ఈ నియమమును తోటి అర్చకులు కూడ స్వీకరింతురని ఆశించుచున్నాను. భక్తులకు నా విన్నపము ఒక్కటే. ఈ ఆదివారము పది నిమిషములు మీ వాహనము ముందు కూర్చుండుడు. కుంకుమ పెట్టు చోటును తుడిచి, దాని క్రింద ఏమున్నదో ఒకసారి చూడుడు.

శుభం భూయాత్.