ప్రతి రాయిస్తే పండితుడు, కాపీ కొడితే దొంగ

పోయిన ఆదివారం కదిరిలో మా ఇంట్లో పొద్దుగూకేదాకా ఒక్క సీడీతో కుస్తీ పట్టాను. మా డిగ్రీ పిల్లవాడు తెచ్చిచ్చాడు. ఇరవై ఏళ్ల కిందట దండోరా సభలో వాళ్ల నాయన పాడిన పాటలు. ఆయన ఇప్పుడు లేడు. ఆ గొంతు మిగిలిన చోటు అదొక్కటే.

స్టాఫ్ రూములో చెబితే ఒక సీనియర్ నవ్వాడు. "పీహెచ్‌డీ చేసి పైరసీ సీడీలు కొడతాండావా అప్పా?"

అయ్యా, కదిరి పక్కనే కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఆ వేమన మీ పాఠ్యపుస్తకం దాకా ఎట్లా వచ్చాడు? బ్రౌన్ దొర ప్రతులు సేకరించి, ఒకదాంతో ఒకటి పోల్చి, 1829లో అచ్చేస్తే వచ్చాడు. కడప బంగళాలో పండితులకు జీతాలిచ్చి మరీ ప్రతులు రాయించాడాయన. అది సాహిత్య సేవ. మా నాయనల గొంతు చెడిపోకముందే మేం ఇంకో ప్రతి తీసుకుంటే పైరసీ!

చట్టం మాటా చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52, సొంత వాడకానికీ పరిశోధనకీ చేసే న్యాయమైన వినియోగం ఉల్లంఘన కాదంటుంది. 2012 సవరణతో సౌండ్ రికార్డింగులూ అందులోకి వచ్చాయి. అదే చట్టం సెక్షన్ 38లో పాడినవాళ్లకు హక్కు ఇచ్చింది. గాయకుణ్ణి అడక్కుండా యూట్యూబులో ఎక్కించే మనవాళ్లు కూడా ఇది చదవాలి.

ఇక సీడీ సంగతి. ఇంట్లో రాసే సీడీలో పాట ఉండేది లేజరుతో కాల్చిన రంగు పొరలో. ఎండకూ వేడికీ అది పాడవుతుంది. మే నెలలో మన రేకుల ఇళ్ల గురించి చెప్పక్కర్లేదు. అందరూ కింది వైపు గీతలు చూసి భయపడతారు గానీ, అసలు ప్రమాదం పేరు రాసే వైపు. అద్దం లాంటి పూత అక్కడే, పలుచటి పొర చాటున ఉంటుంది. స్టిక్కరు పీకితే పూత కూడా ఊడొస్తుంది. అందుకే అంగడివాడు అంటించిన స్టిక్కరును నేను ముట్టుకోలేదు.

మెత్తటి నూలుగుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడవకండి. అట్లా పడిన గీత పాట వెంబడే పోతుంది, ప్లేయరు దిద్దుకోలేదు. ల్యాప్‌టాప్ డ్రైవు చదవనంది, పాత డెస్క్‌టాప్ డ్రైవు చదివింది. ఒకటి కాదంటే సీడీని పారేయకండి, ఇంకోటి చూడండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అనుమానం ఉన్న చోటల్లా మళ్లీ మళ్లీ చదివి పోల్చుకుంటుంది. బ్రౌన్ పండితులు చేసిందీ ఇదే కదా! నాలుగో పాట ఒక్కదానికే మూడు గంటలు పట్టింది.

హార్డ్ డిస్కులోకి దించాక నేను రాసిన మొదటి కాపీ చెడింది. పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం. సభలో పాట అయిపోయినా పలక ఆగదు, తర్వాతి పాటను అదే ఎత్తుకుంటుంది. తప్పు నాదే, 'ట్రాక్ ఎట్ వన్స్' పెట్టాను. 'డిస్క్ ఎట్ వన్స్'కు మార్చి, వేగం తగ్గించి రాస్తే పలక కలిసింది. చిన్న ఎంపీ3 చేసి వాట్సాప్‌లో పంపితే చాలదా అంటారు. బిట్‌రేట్ తగ్గిస్తే ముందు మొద్దుబారేది పలక దెబ్బే. వినడానికి ఎంపీ3 పంపండి, దాచడానికి మాత్రం వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఉంచండి.

అచ్చయిన దళిత కవిత్వానికి 1995లోనే 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చింది. పాడిన పాటకు ఏముంది? నా థీసిస్‌లో ఒక సభ పాటను ఉదహరిస్తే "పేజీ నంబరు ఏది?" అన్నారు. మౌఖిక సాహిత్యం అని సిలబస్‌లో ఒక యూనిట్ పెట్టి, నోటి పాటకు పేజీ నంబరు అడిగే పెద్దలు వీళ్లు! సెమినార్ సంచులకూ శాలువాలకూ దొరికే డబ్బు ఒక్క హార్డ్ డిస్కుకు దొరకదు.

పిల్లవాడు రెండు కాపీలు పట్టుకుపోయాడు. ఐదో పాటలో నలభై సెకన్లు ఇంకా చదవడం లేదు. ఆ రోజుల సభల సీడీలు ఎవరింట్లోనైనా ఉంటే, స్టిక్కరు పీకకుండా తీసుకురండి.

జై భీమ్.