మునిగారికి పురుటాసుపత్రితో పనేంటి?

జానపద కథల్లో మునికి పని చాలా తక్కువ. చెట్టు కింద కళ్లు మూసుకుని కూర్చుంటాడు. దారితప్పిన రాకుమారుడు రాగానే కళ్లు తెరుస్తాడు. ఓ మంత్రమో, ఓ కత్తో చేతికిచ్చి మళ్లీ మూసుకుంటాడు. ఆయనకి అన్నం ఎవరు పెడుతున్నారు? ఆశ్రమం కప్పు కారితే ఎవరు నేయిస్తున్నారు? కథకుడికి అక్కర్లేదు. 'పాతాళభైరవి' (1951)లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడి పక్కనా ఉన్నది సదాజపుడనే శిష్యుడొక్కడే!

ఆ లెక్కలు కావాలంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాలి. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునే చోటది. వాళ్లకి మల్కాపురం శాసనం అంటే ఓ బిట్టు. ఏ సంవత్సరం? 1261. ఎవరి కాలం? రుద్రమదేవి. అంతే, పేజీ తిప్పేస్తారు. ఆగి చదివితే మాత్రం ఏ ఫాంటసీ నవలకీ తీసిపోదు.

అందులో నాయకుడు విశ్వేశ్వర శంభువు. గౌడదేశం, అంటే బెంగాల్ వైపు నుంచి వచ్చిన శైవ సన్యాసి. గోళకీ మఠాధిపతి. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు ఈయన దగ్గరే దీక్ష పుచ్చుకున్నాడు. చేది దేశంలో ఆ మఠం మూలపురుషుడికి అక్కడి రాజు మూడు లక్షల గ్రామాలిచ్చాడంటుంది శాసనం. కాస్త తగ్గించి నమ్మినా తక్కువేం కాదు!

విశ్వేశ్వర శంభువుకి దక్కినవి మందడం, వెలగపూడి. కృష్ణ ఒడ్డు ఊళ్లు. వచ్చిన ఆదాయాన్ని ఆయన మూడు భాగాలు చేశాడు. ఒకటి గుడికి. ఒకటి మఠానికి, విద్యార్థుల భోజనానికి. మూడోది సత్రానికి, ఆరోగ్యశాలకి, ప్రసూతిశాలకి. పెళ్లీ పిల్లలూ లేని సన్యాసి పురిటి మంచాల కోసం లెక్క రాయించాడన్నమాట. వేదాలు చెప్పే పండితులు, ఓ వైద్యుడు, ఓ కరణం, నాట్యగత్తెలు, మద్దెలవాళ్లు... అందరికీ భూమి వాటాలున్నాయి. అన్నం బ్రాహ్మడి దగ్గర్నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా పెట్టాలన్నాడు. ఊరి కాపలాకి వీరభద్రులనే భటులు. వాళ్ల పనుల్లో 'శిరశ్ఛేదం' కూడా ఉంది. పురుడు, తల నరకడం... రెండూ ఒకే రాతి మీద!

ఈ మఠాన్ని కథలోకి తెస్తే రాకుమారుడికి వరం ఊరికే దొరకదు. ముందు కరణాన్ని కలవాలి, వీరభద్రుల్ని దాటాలి. ఆ గింజలు పండించిన రైతు ఏమనుకున్నాడో శంభువుగారి రాతలో వెతికితే దొరకదు. కథ రాసేవాళ్లకి అక్కడ బోలెడు చోటుంది.

అన్నట్టు, 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం కట్టింది ఆ వెలగపూడిలోనే.